లండన్ మహాప్రదర్శనము – 1851
(పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



తిరునాళ్లు, సంతలు మనకు క్రొత్తవి కావు. కోటప్పకొండ తిరునాళ్లకో, మేడారము జాతరకో, తుదకు ప్రక్క ఊరి వారపు సంతకో పోయి రానివారు మనలో నుండరు. తిరునాళ్లకు మొక్కు తీర్చుకొనుటకు పోదుము. సంతకు వస్తువులు కొనుటకు పోదుము. అట్లు మొక్కును గాక, బేరమును గాక, మానవుడు తన చేతులతోను బుద్ధితోను ఏమేమి చేయనేర్చెనో చూచుటకే దేశదేశముల జనులు ఒకచోట గుమిగూడు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దమున ప్రబలినది. దానికే పారిశ్రామిక ప్రదర్శనమని పేరు. అన్ని దేశములను ఒక కప్పు క్రిందకు చేర్చిన మొట్టమొదటి మహాప్రదర్శనము 1851వ సంవత్సరమున లండన్ నగరమున జరిగెను. దానిని గూర్చి నేడు మీకు మనవి చేయదలచితిని.

లండనులో ఎప్పుడో జరిగిన ప్రదర్శనముతో సర్పంచులకును వార్డు సభ్యులకును పని యేమి అని మీరు అడుగవచ్చును. పదిమంది సొమ్ముతో పదిమంది కొరకు ఒక పని తలపెట్టినప్పుడు మీకు ఎదురగు చిక్కులన్నియు అచ్చటను ఎదురైనవి. స్థలమును గూర్చి తగవు, చెట్లను గూర్చి తగవు, కట్టడపు నమూనాను గూర్చి తగవు, పేదలను లోనికి రానీయవలెనా వలదా అను శంక, అంతమంది వచ్చినచో మరుగుదొడ్లు ఎట్లు అను ప్రశ్న, తుదకు మిగిలిన సొమ్మును ఏమి చేయవలెనను విచారము; ఇవి యన్నియు అందు కలవు. కావున ఈ కథ మనకు పరాయిది కాదు.

ముందుగా కాలమును తలచుకొందము. ఆవిరియంత్రము ఇంగ్లాండు దేశపు రూపమును మార్చివేసినది. మాంచెస్టరు ప్రాంతమున నూలు మిల్లులు వెలసినవి. 1830లో లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ ఆవిరి రైలు నడువసాగినది. ఫ్రాన్సు దేశమువారు 1798 నుండియు తమ పరిశ్రమల ప్రదర్శనములను అప్పుడప్పుడు జరుపుచుండిరి. అయితే అందు ఇతర దేశముల సరకునకు చోటు లేదు. 1849లో పారిస్ ప్రదర్శనమును చూచి వచ్చిన హెన్రీ కోల్ అను ఇంగ్లీషు ఉద్యోగికి, అన్ని దేశములను ఏల పిలువరాదు అను ఊహ తోచెను. విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్టు దానిని మెచ్చి పూనుకొనెను. 1850 జనవరిలో రాజశాసనముచే ఒక సంఘము ఏర్పడెను. ఖజానా సొమ్ముపై ఆధారపడక చందాలతోడను, ధనవంతులు వ్రాసియిచ్చిన హామీలతోడను పని సాగింపవలెనని నిశ్చయించిరి.

ఇక తగవులు మొదలైనవి. లండనులోని హైడ్ పార్కు అను పెద్ద తోటను స్థలముగా ఎన్నుకొనిరి. తోటలో ముదిరిన ఎల్మ్ వృక్షములు కలవు. వానిని కొట్టివేయుదురా అని పార్లమెంటులో కర్నల్ సిబ్‌తార్ప్ అను సభ్యుడు కేకలు వేసెను. కట్టడమునకు నమూనాలు కోరగా రెండువందలకు పైగా వచ్చినవి. ఒక్కటియు సంఘమువారికి నచ్చలేదు. వారే కూర్చుండి పెద్ద గుమ్మటముతో ఇటుకల కట్టడమును ఒకదానిని గీసిరి. కొన్ని నెలల ప్రదర్శనమునకు ఇన్ని ఇటుకలా, అంత బరువైన కట్టడమును తరువాత తొలగించువారెవరు అని పత్రికలు ఎగతాళి చేసినవి. గడువు దగ్గర పడుచుండెను.

ఆ సమయమున ముందుకు వచ్చినవాడు జోసెఫ్ పాక్స్టన్. ఇతడు వాస్తుశాస్త్రము చదివినవాడు కాడు. 1803లో సామాన్య వ్యవసాయ కుటుంబమున పుట్టి, తోటమాలిగా జీవితము ప్రారంభించి, డెవన్‌షైర్ ప్రభువుగారి తోటలకు పెద్దయైనవాడు. శీతల దేశమున ఉష్ణదేశపు మొక్కలను బ్రతికించుటకు ఇనుముతోను గాజుతోను ఇండ్లు కట్టించిన అనుభవము అతనికి కలదు. దక్షిణ అమెరికా నుండి తెచ్చిన పెద్ద కలువ మొక్కను అతడు పెంచి పూయించెను. దాని ఆకు బిడ్డను మోయునంత బలమైనది. అతడు తన చిన్న కుమార్తెను ఆ ఆకుపై నిలిపి చూపెను. ఆకు పలుచనిదైనను అడుగున ఈనెలు అడ్డముగను నిలువుగను అల్లుకొనియుండుటయే ఆ బలమునకు కారణము. సన్నని ఇనుప చట్రము పలుచని గాజును మోయగలదని అతడు నమ్మెను. 1850 జూన్ మాసమున ఒక రైల్వే సంఘపు సమావేశములో కూర్చుండి, సిరా అద్దు కాగితముపై గీసిన గీతలే ఆ మహాభవనమునకు మొదటి నమూనా. జూలైలో ఆ నమూనా పత్రికలో ప్రకటింపబడగా ప్రజలు మెచ్చిరి, సంఘమువారు అంగీకరించిరి.

ఈ కట్టడపు కిటుకు ఏమనగా, ఇందలి స్తంభములు, దూలములు, గాజు పలకలు ఒక్కొక్కటి ఒకే కొలతతో కర్మాగారములలో తయారై రైలుపై వచ్చినవి. స్థలమున వానిని జోడించి బిగించుటయే పని. గాజు పలకలు దాదాపు 3 లక్షలు. లోపల బోలుగానున్న ఇనుప స్తంభములే కప్పుపై పడిన వాననీటిని క్రిందకు దింపు గొట్టములు. చెట్ల తగవు కూడ తీరినది. నడుమ భాగమును ఎత్తైన కమానుగా లేపి పెద్ద ఎల్మ్ వృక్షములను కొట్టకయే కప్పు క్రింద నిలిపిరి. ఎదిరించినవాని మాటలో న్యాయమున్నచో దానిని నమూనాలోనికి చేర్చుకొనుట ఒక నేర్పు. మేడపై అంతస్తులు జనభారమును మోయునా అని శంక కలుగగా సైనికులను వరుసలుగా నడిపించి పరీక్షించిరి. 1,848 అడుగుల పొడవు, 408 అడుగుల వెడల్పు, సుమారు 18 ఎకరముల విస్తీర్ణము గల ఆ భవనము స్థలము చేతికి వచ్చిన 9 నెలలలో సిద్ధమైనది. జనులు దానిని స్ఫటిక సౌధమని పిలిచిరి. 1851 మే 1వ తేదీన రాణి దానిని ప్రారంభించెను.

సుమారు 14,000 మంది ప్రదర్శకులు లక్షకు పైగా వస్తువులను అందు ఉంచిరి. సగము చోటు బ్రిటనునకును దాని అధీనమందలి దేశములకును, తక్కిన సగము ఇతర దేశములకును కేటాయింపబడెను. నూలు వడకు యంత్రములు, మగ్గములు, అచ్చుయంత్రములు, ఆవిరి సుత్తులు అన్నియు నడుచుచు కనిపించినవి. వానిని నడుపు ఆవిరిని బయట కట్టిన బాయిలరు ఇంటి నుండి గొట్టములద్వారా లోనికి తెచ్చిరి.

అసలు పరీక్ష జనుల విషయమున వచ్చెను. మూడేండ్లకు ముందు, 1848లో, యూరపు ఖండమున పెక్కుచోట్ల ప్రజలు ప్రభుత్వములపై తిరుగబడిరి. ఇంగ్లాండులో కార్మికులు ఓటుహక్కునకై పెద్ద ఊరేగింపులు జరిపిరి. అట్టివారిని వేలకొలది ఒకచోటికి రానిచ్చినచో గాజు మేడ మిగులునా అని గొప్పవారు భయపడిరి. ప్రారంభదినము తరువాతి రెండు దినములు టిక్కెట్టు ఒక పౌను. తరువాత 5 షిల్లింగులు. మే 26 నుండి వారములో నాలుగు దినములు ఒక్క షిల్లింగునకు తగ్గించిరి. ఆనాడు అచ్చటి వ్యవసాయ కూలీకి వారపు కూలి సుమారు 9, 10 షిల్లింగులు. కావున షిల్లింగు తేలికైన మొత్తము కాదు. అయినను కూడబెట్టుకొన్నచో అందని మొత్తమును కాదు. పెక్కు ఊళ్లలో కార్మికులు సంఘములుగా చేరి వారము వారము కొంత దాచుకొనిరి. రైలు కంపెనీలు చౌక టిక్కెట్టులు ఇచ్చినవి. థామస్ కుక్ అను యాత్రల ఏర్పాటుదారుడు ఒక్కడే లక్షన్నర మందిని తీసికొనివచ్చెను. పెన్జాన్స్ అను దూరపు సముద్రతీరపు ఊరి నుండి మేరీ కెలినాక్ అను ఎనుబదియేండ్లు దాటిన వృద్ధురాలు, చేపలమ్ముకొని బ్రతుకునది, కాలినడకన లండను చేరెను.

ఫలితమేమి? అక్టోబరులో మూసివేయునాటికి 60 లక్షలకు పైగా ప్రవేశములు లెక్కకు వచ్చినవి. వానిలో 44 లక్షలకు పైగా షిల్లింగు టిక్కెట్టులవే. ఒక్క అక్టోబరు 7వ తేదీననే లక్షా తొమ్మిది వేలకు మించి జనము వచ్చిరి. దొమ్మీ లేదు, అల్లరి లేదు, గాజు మేడ చెక్కుచెదరలేదు. మారుమూల పల్లె కూలీయు, మిల్లు కార్మికుడును యంత్రములయెదుట నిలిచి ప్రశ్నలడిగి తెలిసికొనిరి. జనులను శంకించిన పెద్దలకు జనులే తమ నడవడితో సమాధానము చెప్పిరి.

ఆ జనము నెమ్మదిగా నుండుటకు వెనుక ఏర్పాటు కూడ కలదు. లోపల మద్యము అమ్మరాదని నియమము చేసిరి. జార్జి జెన్నింగ్సు అను నీటిగొట్టముల పనివాడు నీటితో శుభ్రపడు మరుగుదొడ్లను అమర్చెను. ఒక్కొక్కరి వద్ద ఒక పెన్నీ తీసికొనిరి. 8 లక్షల 27 వేలమందికి పైగా వానిని వాడుకొనిరి. బహిరంగ స్థలమున చక్కని మరుగుదొడ్డి యుండుట ఆ నగరమునకే క్రొత్త. 1849లో లండనులో కలరా వ్యాధివలన సుమారు 14,000 మంది మరణించిరని తలచుకొన్నచో దీని విలువ తెలియగలదు. కోట్ల విలువ చేయు వస్తువుల నడుమ, ఈ చిన్న ఏర్పాటు ఒక నాగరిక జీవితపు పాఠమైనది. ముఖ్యముగా స్త్రీలును, పిల్లలును, వృద్ధులును నిశ్చింతగా దినమంతయు గడుపగలిగిరి.

ప్రదర్శనశాలకు సమీపముననే ఆల్బర్టు కార్మికులకొరకు మాదిరి ఇండ్లను కట్టించెను. నమూనా గీసినవాడు హెన్రీ రాబర్ట్స్. నాలుగు కుటుంబములకు సరిపడు ఆ కట్టడములో ప్రతి కుటుంబమునకును వేరు వేరు గదులు, నీటి ఏర్పాటు, మరుగుదొడ్డి కలవు. బోలు ఇటుకలతో కట్టుటచే గోడలు తేమ పట్టక పొడిగా నుండెను. రెండున్నర లక్షల మంది దానిని లోనికి పోయి చూచిరి. తరువాత దానిని విప్పి కెన్నింగ్టన్ పార్కున తిరిగి నిలిపిరి. నేటికిని అది అచ్చట నున్నది.

రైతుల సంగతి చెప్పెదను. అమెరికావారి విభాగమును మొదట అందరును పరిహసించిరి. తీసికొన్న చోటు ఎక్కువ, తెచ్చిన సరకు తక్కువ అని నవ్విరి. అందొక మూలను వికారమైన బండివంటిది నిలిచియుండెను. అది వర్జీనియా పల్లెలో పుట్టిన సైరస్ మెకార్మిక్ చేసిన కోతయంత్రము. న్యాయనిర్ణేతలు దానిని గదిలో చూచి తీర్పు చెప్పక, జూలై మాసమున ఎసెక్సు జిల్లాలోని టిప్‌ట్రీ అను ఊరి పొలములోనికి తీసికొనిపోయిరి. వాన కురిసి గోధుమ చేను తడిసియున్నది. పోటీకి వచ్చిన మరియొక యంత్రము ఆ చేలో తడబడెను. మెకార్మిక్ యంత్రము చకచక కోసికొనిపోయినది. నవ్విన పత్రికలే పొగడినవి; ప్రదర్శనపు అత్యున్నత పతకము దానికి లభించెను. వస్తువు గొప్పతనము అద్దాల పెట్టెలో గాక చేలో తేలవలెనని ఆనాడే రుజువైనది.

మరియొక వస్తువు మనకు ఇంకను దగ్గరిది. జాన్ అప్పోల్డ్ అను నతడు నీరు తోడు పంపును ఒకదానిని చూపెను. గుండ్రని డబ్బాలో రెక్కల చక్రము వేగముగా తిరుగుచు నీటిని విసరును. ఇట్టివి ఇతరులును తెచ్చిరి గాని, వారి రెక్కలు తిన్ననివి. ఇతని రెక్కలు వంపు తిరిగినవి. న్యాయనిర్ణేతలు కొలిచి చూడగా తిన్నని రెక్కల చక్రము తనకు పెట్టిన శక్తిలో 24 శాతము మాత్రమే పనిలోనికి తేగా, వంపు రెక్కలది 68 శాతము తెచ్చినది. రెక్క వంపులో ఇంత భేదము! 1873లో వియన్నా నగరపు ప్రదర్శనమున మరియొక వింత జరిగెను. గ్రామ్ అను శిల్పి చేసిన విద్యుద్యంత్రములను రెండింటిని తీగతో కలుపగా, ఒకటి విద్యుత్తు పుట్టించుచుండ రెండవది దానితో తిరిగి పంపును నడిపి నీటిని పైకి తోడినది. కరెంటుతో తిరుగు మోటారు, వంపు రెక్కల పంపు. ఈ రెండును కలిసినదే నేడు మన బావులమీదను బోర్లమీదను లక్షల సంఖ్యలో నడుచు మోటారు పంపుసెట్టు. ప్రదర్శనములో చూచిన వస్తువు రైతు గట్టుమీదికి చేరుటకు ఎన్ని యేండ్లు పట్టినను, దాని మొదటి పరీక్ష పదిమంది కండ్లయెదుట జరిగినది.

ఇక మన దేశపు మాట. ఈస్టిండియా కంపెనీ హిందూదేశపు వస్తువులను సేకరించి పంపెను. ఢాకా మల్లు సెల్లాలు, కాశ్మీరు శాలువలు, దంతపు పనులు, మన వరంగల్లు తివాచీలు అచ్చట కనువిందు చేసినవి. ఇంగ్లీషు యంత్రములు పోసిన అలంకారములు కంటికి భారముగా నుండగా, మన నేతగాండ్ర రంగుల పొందిక, గీతల నిగ్రహము చూచి అచ్చటి శిల్పాచార్యులే మెచ్చుకొని, తమ విద్యార్థులకు మాదిరిగా నుండుటకై పెక్కింటిని కొనిపించిరి. కృష్ణాతీరపు కొల్లూరు గనిలో దొరికినదని ప్రతీతి గల కోహినూరు వజ్రము కూడ పంజరమువంటి పెట్టెలో నుంచబడెను. అది 1849లో లాహోరు సంధివలన, బాలుడైన దులీప్ సింగు మహారాజునుండి ఆంగ్లేయుల వశమైనది. చూచినవారు ఇంతేనా మెరుపు అని పెదవి విరువగా, మరుసటి సంవత్సరము దానిని సానబట్టించి సగమునకు దగ్గరగా తరిగివేసిరి.

ఇచ్చట మనము ఒక నిమిషము ఆగవలెను. ఒక గదిలో మన మగ్గపు బట్టను మెచ్చుకొనిరి. ప్రక్క గదిలో ఆ మగ్గమును మూలపడవేసిన యంత్రము ఝంఝాటముగా తిరుగుచుండెను. మాంచెస్టరు మిల్లు బట్ట మన సంతలలో చౌకగా పడుటచే తీరాంధ్రమునను, ఇతర ప్రాంతములను సాలెలు పెక్కుమంది మగ్గము విడిచి కూలికి పోవలసివచ్చెను. తివాచీ అచ్చటికి పోయినది. దానిని నేసిన చేయి పోలేదు. మిల్లు బట్ట వెనుక దినమంతయు పనిచేసిన స్త్రీలును, బాలురును అట్లే కనబడలేదు. వారి పని దినమును 10 గంటలకు తగ్గించుటకు 1847లో శాసనము చేయవలసివచ్చినదని మరువరాదు. వస్తువును చూపి మనిషిని మరుగుపరచుట ఆ మహాప్రదర్శనపు పెద్ద లోపము. పరిశ్రమాభివృద్ధియన్నప్పుడెల్ల అది ఎవరి యింట దీపము వెలిగించినది, ఎవరి యింట ఆర్పినది అని రెండు లెక్కలును చూడవలెను.

ప్రదర్శనము ముగిసినది. లెక్కలు చూడగా 1,86,000 పౌనులు మిగిలెను. దానిని పంచుకొని పోలేదు, విందులకు వెచ్చింపలేదు. దక్షిణ కెన్సింగ్టన్ అను చోట 80 ఎకరములకు పైగా భూమి కొనిరి. కాలక్రమమున అచ్చట వస్తుప్రదర్శనశాలలు, విజ్ఞానశాల, కళాశాలలు వెలసినవి. 1891 నుండి ఆ సంఘమువారు శాస్త్రవిద్యార్థులకు వేతనములు ఇచ్చుచున్నారు. న్యూజిలాండు దేశపు పల్లెలో పుట్టిన ఎర్నెస్టు రూథర్‌ఫర్డు 1895లో ఆ వేతనముతోనే ఇంగ్లాండు చేరి, తరువాత పరమాణువు గర్భమును కనుగొనెను. ఆ గాజు మేడను 1854లో సిడెన్‌హాం అను చోటికి మార్చి కట్టిరి. 1936 నవంబరు 30న అది అగ్నికి ఆహుతియైనది. మేడ బూడిదైనను బడి నిలిచినది.

మన హైదరాబాదులో 1938లో ఉస్మానియా పట్టభద్రులు ప్రారంభించిన నుమాయిష్ కూడ ఈ త్రోవనే నడిచినది. ఏటేట ఆ ప్రదర్శనముపై వచ్చు ఆదాయముతో విద్యాసంస్థలను నడుపుచున్నారు. కావున ఇది సీమవారికే సాధ్యమగు సంగతి కాదు.

సభ్యులారా! మీ గ్రామమున రైతు ప్రదర్శనమో, చేతిపనుల ప్రదర్శనమో, పశువుల సంతయో జరుపు సందర్భము మీకు వచ్చును. అప్పుడు పందిరి ఎంత పెద్దది, తోరణములెన్ని అని గాక కొన్ని ప్రశ్నలు వేసికొనుడు. ఊరిలో అతి పేదయగు కూలీ, తన పని మానక, వచ్చి చూడగల వేళయున్నదా? స్త్రీలకు మరుగుదొడ్డి, అందరికి మంచినీరు ముందుగా సిద్ధమైనవా? క్రొత్త విత్తనమును, క్రొత్త పనిముట్టును బల్లమీద పెట్టి పొగడుటయేనా, లేక ఒక రైతు చేలో నడిపి ఖర్చును రాబడిని బోర్డుపై వ్రాయుటయు కలదా? బుట్టను చూపినచోట దానిని అల్లిన వ్యక్తి పేరున్నదా, అతడో ఆమెయో ప్రక్కనే కూర్చుండి నేర్పు చూపుచున్నారా? కడకు వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు గ్రామసభలో చదివి వినిపించితిరా? మిగిలినది పది రూపాయలైనను ఊరికి నిలుచు పనికి, గ్రంథాలయమునకో, బడిపిల్లల ప్రయోగశాలకో చేరినదా?

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పిరి. ఈ ప్రశ్నలకు మీ గ్రామసభలో నిర్భయముగా బదులు చెప్పగలిగిననాడు, మీ చిన్న పందిరి ఆ స్ఫటిక సౌధమునకు తీసిపోదు. అది మరచిన మనిషిని మీరు ముందు నిలిపినవారగుదురు.